వెనక వంటింటి పన్ను

నాకు అనుమానం ఎక్కువ. ఇది నేను చెప్పుకునే మాట కాదు, ఇంట్లో అందరూ అనేదే. శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ళ షాపులో కూరగాయలు కొన్నప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి బిల్లు మొత్తం చదువుతాను. వెనక లైన్లో వాళ్ళు గొణుక్కుంటారు. మా ఆయన కారు తీసుకొస్తానని చల్లగా తప్పుకుంటారు. అయినా చదువుతాను. బెండకాయల ధర బోర్డు మీద ఒకటి, బిల్లులో మరొకటి ఉండగా పట్టుకున్నదాన్ని నేను. ఊరికి ఆ చివర ఆల్బనీలో నా ఉద్యోగమూ అలాంటిదే. బయటి కంపెనీలు మా ఆఫీసుకి పంపే బిల్లులు సరిచూసి, నిజమైనవి ముందుకి పంపడం, తేడాగా ఉన్నవి తిప్పికొట్టడం. ఇన్నేళ్ళు అదే పని చేశాక మనిషికి ఇంకే బుద్ధి మిగులుతుంది?

అందుకే ఆ చలికాలం నగర కౌన్సిల్ నుంచి ఇంటి పన్ను కాగితం వస్తే, ఇంట్లోకి వెళ్ళేదాకా ఆగలేదు. గేటు పక్క పోస్టు డబ్బా దగ్గరే వానలో గొడుగు పట్టుకుని చదివాను. ఈ దేశంలో ఇంటి పన్నుని రేట్స్ అంటారు. ఏటా పెరుగుతుంది, ఏటా తిట్టుకుంటాం, ఏటా కడతాం. కానీ ఈసారి పెరిగిన తీరు నాకు నచ్చలేదు. రెండోసారి చదివితే అసలు సంగతి కనబడింది. ఇల్లు చిన్నదైనా పెద్దదైనా ఇంటికి ఇంత అని సమానంగా వేసే ఒక చార్జీ ఉంటుంది. మాకు అది రెండుసార్లు పడింది. కారణం పక్కనే రాశారు. ఈ స్థలంలో విడివిడిగా ఉంటున్న నివాసాలు రెండు.

రెండా? ఈ కొత్త కాలనీ ఫ్లాట్ బుష్‌లో ఉన్నది మాకు ఒకటే ఇల్లు. అందులో ఉండేది మేం ముగ్గురం. నేను, మా ఆయన, మా అత్తగారు. అమ్మాయి వెల్లింగ్టన్‌లో చదువుకుంటూ ఫ్రెండ్స్‌తో ఫ్లాట్‌లో ఉంటోంది. తన గది కూడా ఎవరికీ అద్దెకివ్వకుండా అలాగే ఉంచాం.

లోపలికొచ్చి మా ఆయన ముందు కాగితం పెట్టాను.

"ఎవరో చెప్పారండీ," అన్నాను.

"ఏం చెప్పారు?"

"వెనక వంటిల్లు సంగతి."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని తీరిగ్గా చదివారు. "అందరికీ పెరిగాయిలే," అన్నారు. ఏ విషయం వచ్చినా ఆయన మొదట అనే మాట అదే. ఇల్లు కాలిపోతున్నా అందరివీ కాలుతున్నాయేమో చూసి గానీ లేవరు.

వెనక వంటిల్లు గురించి చెప్పాలి. మామయ్యగారు పోయాక అత్తగారిని తెనాలి నుంచి ఇక్కడికి తెచ్చుకున్నాం. అంతకుముందు ఆవిడ చేపల పులుసు పెడితే వీధంతా వాసన. పండక్కి కోడికూర ఆవిడే వండేవారు. ఆయన పోయిన రోజు నుంచి మాంసం, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి అన్నీ మానేశారు. మమ్మల్ని మాత్రం ఒక్క మాట అనేవారు కాదు. మేం చికెన్ వండుకుంటే ముక్కు మూసుకునేవారూ కాదు. అయితే ఆ పొయ్యి మీద, ఆ గిన్నెల్లో వండింది ఆవిడ తినరు. మొదట్లో కొన్నాళ్ళు పాలూ పళ్ళతో గడిపేసరికి మా ఆయన తట్టుకోలేకపోయారు. గరాజ్ వెనక, అత్తగారు ఉండే కింద గదిని ఆనుకుని కొంచెం ఖాళీ ఉంటే అక్కడ చిన్న వంటిల్లు కట్టించారు. ఒక సింకు, రెండు అలమరలు, ఒక ఇండక్షన్ స్టవ్. పెరట్లోకి ఒక తలుపు. తులసి కుండీ ఆ తలుపు పక్కనే. అత్తగారు తలంటుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, మధ్యాహ్నానికల్లా వండుకుని తినేసేవారు. రాత్రికి ఏదో ఇంత ఉప్మా. అది కట్టాక ఆవిడ ముఖంలో మళ్ళీ కళొచ్చింది.

నాకూ ఒక చిన్న ఇబ్బంది ఉండేది, దాచడం దేనికి. ఆవిడ పోపులో ఇంగువ ధారాళంగా వేస్తారు. ఆ వాసన గరాజ్‌లో తగిలించిన నా ఆఫీసు కోటుకి పట్టేది. ఆ మాట ఒకటి రెండుసార్లు పైకే అన్నాను. ఆవిడ విని ఊరుకున్నారు. నేను కోటు తీసుకెళ్ళి పై గదిలో తగిలించుకున్నాను.

ఆ రోజు నుంచి నా బుర్రలో ఒకటే ప్రశ్న. కౌన్సిల్‌కి ఎవరు చెప్పారు?

మొదట అనుమానించింది మా స్నేహితుల్నే. మా ఇంట్లో ఏ భోజనాలు పెట్టుకున్నా అత్తగారు వచ్చిన ఆడవాళ్ళందర్నీ వెనక్కి తీసుకెళ్ళి "ఇది నా వంటిల్లు, నాదే" అని చూపించేవారు. అందులో ఒకావిడ అలమర తలుపులు తెరిచి మూసి, "బాగుంది ఆంటీ, ఇదొక ఇల్లులాగే ఉంది" అంది. ఆ మాట నాకిప్పుడు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. ఇల్లులాగే ఉందని ఎందుకంది? పోనీ ఆకాశం నుంచి ఫోటోలు తీస్తారట, అవి చూసి పట్టుకున్నారా? కానీ పైనుంచి చూస్తే కప్పు కనబడుతుంది గానీ కింద వంకాయ వేగుతున్నది ఎలా కనబడుతుంది?

చివరికి నా అనుమానమంతా పక్కింటి పెద్దాయన మీదికి వచ్చి ఆగింది. రిటైరైన తెల్లాయన. భార్య పోయింది. పగలంతా ఇంట్లోనే. మా పెరటికీ ఆయన పెరటికీ మధ్య ఒక చెక్క కంచె. ఆయన అటు పూలమొక్కలకి నీళ్ళు పోస్తున్నట్టు ఉంటాడు, తల మాత్రం కంచె మీద నుంచి ఇటే. ఒకసారి నన్ను ఆపి, "వెనక మీ అత్తగారు సొంతంగా వండుకుంటారా?" అని అడిగాడు. నేను ఏమీ అనుకోకుండా అవునన్నాను. అప్పుడే నోరు మూసుకుని ఉండాల్సిందని ఇప్పుడనిపించింది.

మా ఆయన మాత్రం కారులో వెళ్తూ వస్తూ నాకు పాఠం చెప్పారు. ఫ్లాట్ బుష్ నుంచి ఆల్బనీ దాకా మోటర్‌వే మీద ఆగుతూ ఆగుతూ పోతుంటే పాఠాలకి టైమ్ కావలసినంత. "మన ఇంటి విలువ పెరిగింది కాబట్టి పన్ను పెరిగిందనుకుంటారు అందరూ. అలా కాదు. ఊరంతటికీ ఖర్చెంతో ముందు తేల్చుకుంటారు. పెద్ద వానలొస్తే కాలవలు పొంగుతున్నాయి, పాత పైపులు మార్చాలి. బస్సులు, చెత్త బండ్లు, లైబ్రరీలు. మనలాంటి కొత్త కాలనీలకి రోడ్లు వేయడానికి చేసిన అప్పు మీద వడ్డీ. ఆ మొత్తాన్ని ఇళ్ళ మీద పంచుతారు. ఇంటి విలువ ఆ పంపకంలో మన వాటా ఎంతో చెబుతుంది, అంతే. మిగతా ఊరికంటే మన వీధి ఎక్కువ పెరిగితే మన వాటా పెరుగుతుంది."

"మన వీధి ఎందుకు ఎక్కువ పెరగాలి?"

ఆయన నావైపు తిరిగి నవ్వారు. "తూర్పు ముఖం కదా."

ఆ నవ్వుకి కారణం ఉంది. మా వరసలో ఇళ్ళన్నీ తూర్పు వాకిళ్ళు. మా వరసలో ఏ ఇల్లు అమ్మకానికి వచ్చినా వేలంపాటకి మనవాళ్ళే దిగుతారు. ఎదుటి వరసలో అచ్చం అలాంటి ఇల్లే, అదే బిల్డర్ కట్టింది, తక్కువకి దొరుకుతుంది. అది మాత్రం ఎవరికీ అక్కర్లేదు. గుంటూరు ఆయన ఒక మాట అంటే కడప ఆయన దాని మీద ఇంకో మాట. ఇద్దరూ వెనక్కి తగ్గరు. పాట ఆకాశానికి వెళ్తుంది. ఆ సాయంత్రం మా వీధి వాట్సాప్‌లో బాణాసంచా బొమ్మలే బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. మన ఇల్లూ ఇంత చేస్తుందన్నమాట అని లోపల మురిసిపోయాను. మూడేళ్ళకోసారి విలువలు కట్టేవాళ్ళు ఆ పాటల్నే చూస్తారని అప్పుడెవరికి తోచింది?

అది పెరిగితే పెరిగింది, ఊరందరితో పాటు కడతాం. రెండో ఇల్లు అని రాయడమే నాకు మింగుడు పడలేదు. అది ఎవరో పనిగట్టుకుని చేసిన పనే అని నా మనసు ఘోషిస్తూనే ఉంది.

వాన లేని ఒక శనివారం పెద్దాయన కంచె దగ్గర కత్తెర పట్టుకుని కనబడ్డాడు. గట్టిగా అడిగేద్దామని చెప్పులేసుకుని వెళ్ళాను. నేను నోరు తెరిచేలోగా ఆయనే మొదలుపెట్టాడు.

"మీరు దొరకడం మంచిదైంది. ఒక సంగతి అడగాలి. నా రేట్స్ ఇంతలా పెరగడానికి మీ వెనక గదే కారణమా?"

నేను తెల్లబోయాను. "మా గదికీ మీ రేట్స్‌కీ ఏం సంబంధం?"

"ఏమో. మీరొచ్చి కట్టడాలు మొదలుపెట్టాక వీధి మొత్తం ఖరీదైపోయింది. పైగా ఈ వైపు ఇళ్ళంటే మీవాళ్ళు ఎందుకంత ఎగబడతారో నాకు అర్థం కాదు. మధ్యాహ్నం తర్వాత మా ముందు గదిలో ఎండే ఉండదు. చలికి చస్తాను. ఎదుటి వాళ్ళకి సాయంత్రం దాకా ఎండ. ఏముంది ఈ వైపు?"

తూర్పు వాకిలి గురించి చెప్పడానికి ప్రయత్నించాను. సూర్యుడు అటే ఉదయిస్తాడు కాబట్టి అన్నాను. ఉదయించి పోతాడు కదా, అన్నాడాయన.  కత్తెర పట్టుకునే ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. సరిగ్గా నేను ఆయన్ని చూడాలనుకున్న చూపు అది. కౌన్సిల్‌కి మీరు చెప్పారా అని అడగడానికి వెళ్ళినదాన్ని, మా గది చిన్నదేనని సంజాయిషీ చెప్పుకుని తిరిగొచ్చాను. ఒళ్ళు మండిపోయింది. దొంగే ముందు అరిచాడని మా ఆయనతో అన్నాను.

"ఆయన పెన్షన్ మీద బతుకుతున్నాడు. భయం ఉండదా?" అన్నారు ఆయన.

సోమవారం భోజన విరామంలో కౌన్సిల్‌కి ఫోన్ చేశాను. చాలాసేపు పాటలు వినిపించాక ఒకతను మాట్లాడాడు. మర్యాదగానే చెప్పాడు. పడక గది, బాత్రూమ్, వంటిల్లు, బయటికి సొంత తలుపు, ఇవన్నీ ఒకచోట ఉంటే అక్కడ వేరే కుటుంబం ఉన్నట్టు లెక్క. కాదంటారా, మనిషిని పంపి చూస్తాం. అక్కడ విడిగా వంట జరగడం లేదని తేలితే ఒకటే ఇల్లు అని మారుస్తాం. స్టవ్ తీసేస్తే మరీ సులువు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి మా ఆయనకి చెబుతున్నాను. అత్తగారు సోఫాలో కూర్చుని ఉప్మా తింటున్నారు. ఆవిడ చెంచా ఆగింది.

"ఏంట్రా, మనల్ని వేరు కాపురం అని రాశారా?" అన్నారు కొడుకుతో.

"కాపురం కాదమ్మా. వాళ్ళ లెక్క వేరు. రెండు వంటిళ్ళుంటే రెండిళ్ళంటారు."

"అదేగా నేనన్నది. కొడుకూ కోడలూ ఒక కాపురం, నేనొక కాపురం. ఊళ్ళో కూడా ఎవళ్ళూ అనలా ఆ మాట."

"వాళ్ళకేం తెలుసు అత్తయ్యా, వదిలెయ్యండి," అన్నాను.

ఆవిడ నావైపు చూశారు. కొంచెం ఎక్కువసేపే చూశారు. "ఆ పొయ్యి తీసెయ్యండి. నాకేం అక్కర్లేదు. ముందు వంటింట్లోనే వండుకుంటా," అన్నారు.

"నువ్వు తినవు కదమ్మా అక్కడ," అన్నారు మా ఆయన.

"తింటాలే. కడుక్కుంటే పోతుంది. దేశం కాని దేశంలో ఇంత పట్టింపు దేనికి?"

ఇన్నేళ్ళ పట్టుదల ఉప్మా చెంచాకీ చెంచాకీ మధ్య వదిలేశారు. నాకు అది నమ్మబుద్ధి కాలేదు. అయినా ఆవిడంతట ఆవిడ అన్నారు కదా అని ఊరుకున్నాను. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి స్టవ్ డబ్బాలో పెట్టి గరాజ్ అటక మీదికి చేరిపోయింది. గిన్నెలన్నీ పాత చీరలో మూట కట్టి ఉన్నాయి. స్టవ్ ఉన్నచోట కొత్తిమీర కుండీ పెట్టారు.

కొన్నాళ్ళకి కౌన్సిల్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. గుమ్మంలో మేం చెప్పకుండానే బూట్లు విప్పింది. ఇంత మర్యాద ఎందుకో అనుకున్నాను. వెనక వంటిల్లు చూసింది, సింకు చూసింది, తలుపు చూసింది, కొత్తిమీర కుండీని కూడా చూసింది. అత్తగారు ముందు వంటింట్లో పప్పు కలుపుతూ ఆ అమ్మాయికి వినబడేలా "వన్ హౌస్, వన్ కిచెన్" అన్నారు. ఆ అమ్మాయి నవ్వి రాసుకుంది.

వెళ్ళబోతుంటే అడగకుండా ఉండలేకపోయాను. "ఈ వంటిల్లు సంగతి మీకెవరు చెప్పారు? పేరు అక్కర్లేదు. ఈ వీధివాళ్ళేనా అని చెప్పండి చాలు."

ఆ అమ్మాయికి నా బాధేమిటో మొదట అర్థం కాలేదు. తర్వాత టాబ్లెట్ నావైపు తిప్పింది. అందులో మా ఇంటి ప్లాను. సింకు గొట్టం వేయడానికి అనుమతి కావాలని మా ఆయన పద్ధతిగా డ్రాయింగ్ గీయించి కౌన్సిల్‌కి ఇచ్చారు. వెనక గది మీద వంటిల్లు అని రాసి ఉంది.

"ఎవరూ చెప్పలేదండీ. మీరే ఇచ్చారు. అనుమతులు, విలువలు సరిచూసినప్పుడు ఇలాంటివి బయటికొస్తాయి," అంది.

మా ఆయన పక్కనే నిలబడి పైకప్పు చూస్తున్నారు. అనుమతి లేకుండా మేకు కూడా కొట్టరు ఆ మనిషి. నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఇన్ని వారాలు పెద్దాయన్ని చూసి మొహం తిప్పుకున్నాను. అయినా మనసులో ఓ మూల అనుమానం ఉండనే ఉంది. ఎవరు చెప్పారో బయటపెట్టొద్దని ఆ అమ్మాయికి పైవాళ్ళు చెప్పి ఉండొచ్చు కదా?

పన్ను సవరించారు. ఒకటే ఇల్లు అని కబురొచ్చింది. గెలిచానని ఆ రోజు సేమ్యా పాయసం చేశాను. అత్తగారు గ్లాసు తీసుకుని తర్వాత తాగుతానన్నారు.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగింది. సాగినట్టే కనబడింది. ఆవిడ పొద్దున్నే ముందు వంటింట్లో పొయ్యి తుడిచి, కడిగి, ముగ్గు కూడా పెట్టి అన్నం, పప్పు, ఓ కూర చేసేవారు. మేం డబ్బాల్లో పెట్టుకుని ఆఫీసుకి పోయేవాళ్ళం. సాయంత్రం వచ్చి "తిన్నారా అత్తయ్యా?" అంటే, "ఆ, ఎప్పుడో" అనేవారు. రాత్రి ఉప్మా మానేశారు. వయసు మీద పడుతోంది, అరగడం లేదన్నారు. వెనక తలుపు తెరిస్తే ఇంగువ వాసన లేదు. నిజం చెప్పాలంటే అది లేకపోతే నాకు ఏదో వెలితిగా ఉండేది.

ఆ రోజుల్లోనే శాండ్రింగ్‌హామ్ షాపులో ఒక గొడవ పెట్టుకున్నాను. ఏ వారం చూసినా బిల్లులో అరటిపళ్ళు ఎక్కువ. మా ఇంట్లో అన్ని అరటిపళ్ళు తినేదెవరు? తూకంలో మోసం చేస్తున్నాడని షాపు అతన్ని పట్టుకుని మళ్ళీ తూయించాను. తూకం సరిగ్గానే ఉంది. మీతో వచ్చే అత్తగారే బుట్టలోకి వేస్తున్నారండీ, అన్నాడతను. అయినా నేను అతన్ని నమ్మలేదు. తక్కెడనే నమ్మలేదు.

చెత్త డబ్బాలు వీధిలో పెట్టే ఒక పొద్దున పెద్దాయన తన డబ్బా లాక్కుంటూ నా దగ్గరికి వచ్చి ఆగాడు. నేను తల పంకించి లోపలికి పోబోయాను.

"మీ అత్తగారి ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉంది. ఏం?"

"నాకెందుకులే అనుకున్నాను. కానీ చూస్తూ ఉండలేక అడుగుతున్నాను. రోజూ మధ్యాహ్నం పళ్ళెంలో అన్నం తెచ్చుకుని వెనక మెట్టు మీద కూర్చుంటారు. మొదట మీ ఆచారమేమో అనుకున్నాను. కాసేపు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంటారు. తర్వాత అదంతా పిట్టలకి వేసేస్తారు. తను మాత్రం ఒక అరటిపండు తింటారు. కొన్ని రోజులు అది కూడా తినరు."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఈ మనిషి మా పెరట్లోకి తొంగిచూడడం ఇన్నాళ్ళూ నాకు మహాపరాధంగా తోచింది. ఆయన చూడకపోతే ఈ సంగతి నాకెవరు చెప్పేవారు? థాంక్స్ అన్నానో లేదో కూడా గుర్తులేదు.

అలాగని ఆయన మాట వెంటనే నమ్మానని కాదు. నా కళ్ళతో చూడాలి. ఆ రోజు ఆఫీసులో తలనొప్పి అని చెప్పి, మా ఆయన్ని బస్సులో రమ్మని, మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. కారు ఇంటిముందు పెట్టకుండా వీధి చివర పెట్టి, పక్క సందులోంచి పెరట్లోకి నడిచాను. దొంగలా వచ్చాను మా ఇంటికి నేనే.

అత్తగారు మెట్టు మీద ఉన్నారు. ఒళ్ళో పళ్ళెం. చుట్టూ గోరింకలు, పిచ్చుకలు గడ్డి మీద ఎదురుచూస్తున్నాయి. ఆవిడ ఒక ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్ళారు. అక్కడే ఆపేశారు. కళ్ళు మూసుకున్నారు. తర్వాత చెయ్యి దించి ముద్దని గడ్డి మీదికి విసిరారు. జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి. రోజూ చూస్తున్న మనిషే. ఇంతలా చిక్కిపోయిన సంగతి నా కంటపడనే లేదు. షాపువాడి తూకాలు మాత్రం బాగా కనబడ్డాయి.

"ఏంటత్తయ్యా ఇది?" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడ్డారు. "ఇంత తొందరగా వచ్చావేంటమ్మాయ్?"

"మీరు తినట్లేదా?"

"తిన్నాగా." పక్కనున్న అరటితొక్క చూపించారు.

నేను ఆవిడ పక్కనే మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపు వచ్చేసింది. "ఎన్నాళ్ళ నుంచి?"

 ఆవిడ చెయ్యి పమిటకి తుడుచుకున్నారు.  "తినాలనే కూర్చుంటానమ్మా రోజూ. గొంతు దిగట్లా. ఆయన పోయినప్పుడు మనసులో అనుకున్న మాటది. కడిగినా పోలా."

"అయితే నాతో చెప్పొచ్చు కదా! పన్ను పడితే పడుతుంది. మీరు పస్తులుండి మిగిల్చేదేంటి?"

"పన్ను కోసమైతే చెప్పేదాన్నే."

"మరి?"

ఆవిడ పిట్టల వైపు చూస్తూ అన్నారు. "నువ్వే చెప్పావనుకున్నా."

"ఏం చెప్పాను? ఎవరికి?"

"కౌన్సిలోళ్ళకి. నా పొయ్యి తీయించమని. ఇంగువ వాసన నీ కోటుకి పడుతోందిగా. అత్తతో మొహం మీద అనలేక వాళ్ళతో అనిపించావనుకున్నా. అందుకే నువ్వు అడక్కుండానే తీసేశా. నా మూలంగా ఇంట్లో మాటలొద్దని."

ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి నన్ను ఇంత మాట అనుకుంటారా? ఆవిడకి జ్వరమొస్తే పక్కన కూర్చున్నది నేను, కళ్ళ డాక్టర్ దగ్గరికి తిప్పింది నేను. ఆ కోపంలోనే అడిగాను.

"నన్నా అత్తయ్యా మీరు అనుమానించింది?"

ఆవిడ అప్పుడు నావైపు తిరిగారు. ముఖంలో కోపం లేదు. అలసట ఉంది.

"నీతో ఉండి ఉండి వచ్చిందమ్మా నాకూ. కూరగాయలబ్బాయిని నమ్మవు, పక్కింటాయన్ని నమ్మవు, ఇంటికొచ్చి నీ చేతి అన్నం తిని పోయినావిణ్ణి నమ్మవు. వీళ్ళందరి మీదా నీ అనుమానాలు రోజూ వింటున్నదాన్నే. ఎవర్నీ నమ్మని మనిషిని నేను మాత్రం ఎట్లా నమ్మేది?"

  గోరింక ఒకటి దగ్గరికొచ్చి మిగిలిన మెతుకులు ఏరుకుంటోంది. నేను లేచి గరాజ్‌లోకి వెళ్ళి నిచ్చెన వేసుకుని అటక మీద నుంచి స్టవ్ దించాను.

"ఏం చేస్తున్నావ్? ఆ అమ్మాయి మళ్ళీ వస్తే?" అన్నారు ఆవిడ వెనకే వచ్చి.

"రానివ్వండి. ఈసారి నేనే పిలుస్తాను."

అన్నట్టే ఫోన్ చేశాను. మా వెనక వంటింట్లో వంట జరుగుతోంది, రెండని రాసుకోండి అన్నాను. ఈసారి ఫోనెత్తింది ఒకావిడ. తగ్గించమని అడిగేవాళ్ళే గానీ పెంచమనేవాళ్ళు ఆవిడకి ఎప్పుడూ తగల్లేదట. అయితే అక్కడ వేరే కుటుంబం ఉంటోందా అని అడిగింది. లేదు, మా అత్తగారు, అన్నాను. ఇంకా ఏదో అడగబోతుంటే, "మీ లెక్క మీరు వేసుకోండి, మేం కడతాం," అన్నాను. మా ఆయనకి సాయంత్రం చెబితే ఈసారి అందరికీ పెరిగాయిలే అనలేదు. తల్లి పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి చాలాసేపు తన చేతిలో పెట్టుకున్నారు.

మర్నాడు సెలవు పెట్టాను. పొద్దున్నే వెనక వంటింట్లో సామాను చప్పుడు మొదలైంది. కొత్తిమీర కుండీ తులసి పక్కకి వెళ్ళింది. పోపు వేగింది, ఇంగువ వాసన ఇల్లంతా కమ్మేసింది. స్టవ్ తీసేశాక కోటు మళ్ళీ గరాజ్‌లోకే చేరింది, అక్కడే ఉండనిచ్చాను. ఆవిడ దేవుడికి పెట్టి, హారతిచ్చి, పళ్ళెంలో అన్నం, కూర వడ్డించుకుని మెట్టు మీద కాకుండా లోపల పీట మీద కూర్చుని తిన్నారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. మారు వడ్డించుకునేదాకా కదల్లేదు.

"ఏంటా చూపు? నిజంగా తింటున్నానో లేదోననా?" అన్నారు.

"అదేం లేదండీ."

"ఇట్రా. చెయ్యి పట్టు." గరిటెతో కాస్త పప్పు నా అరచేతిలో వేశారు. "చాన్నాళ్ళైంది ఇక్కడ వండి. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు."

నాకి చూశాను. ఉప్పు బాగా తక్కువైంది. "సరిపోయింది అత్తయ్యా," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి తేరిపార చూశారు. బిల్లు పట్టుకుని నేను షాపు అతన్ని చూసే చూపు అది. తర్వాత ఒక చుక్క తన నాలిక మీద వేసుకుని, ఉప్పు డబ్బా అందుకున్నారు.